కొరియావాళ్ల తొట్టి

“నీకు మొగుడు కావాల్నా, మామా కావాల్నా? ముందు అది తేల్చు.”

పెంచలయ్య ఆ మాట అరిచి అనలేదు. అరిచే ఓపిక లేదు. వంటగది ద్వారబంధానికి ఆనుకుని, నేల చూస్తూ అన్నాడు. పొద్దుటి నుంచి ఇది మూడోసారి అనడం.

వెంకటేశ్వరి గ్యాస్ పొయ్యిని తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది.

“రేపు పొద్దున అయిదింటికి హవల్లీలో జోర్డాన్ పోయే బస్సు. ఈ రాత్రికే మనం ఆడ ఉండల. పీరన్న బండి తెచ్చి గేటు కాడ నిలబెట్టినాడు. నువ్వేమో పొయ్యి తుడస్తాండావు. ఎవురికి తుడస్తాండావు మే? రేపు ఈడ వండేదెవురు?”

“మామా వండుకుంటాది.”

“ఎనిమిదేండ్లలో ఆ యమ్మ పొయ్యి ముట్టించింది నువ్వు చూసినావా?”

“ఆగస్టు నెల దాకా చూడలే. ఇప్పుడు దినాము చూస్తాండా. నువ్వే చూడ్డంలే. ఆ యమ్మ ఇంట్లోకొస్తే నువ్వు బయటికి పోతావు.”

ఆ మాటకు పెంచలయ్య తలెత్తి ఏదో అనబోయాడు. అంతలో హాల్లో చెప్పుల చప్పుడు వినిపించింది. అతను నోట్లో మాట నోట్లోనే ఉంచుకుని, వెనక తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

వెంకటేశ్వరి అన్నట్టే జరిగింది. కాని అన్నది నిజమైనందుకు ఆమెకేం సంతోషం కలగలేదు.

మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, లోపలికి వచ్చింది. ఈ రెండు నెలల్లో ఆమె మనిషి సగమైంది. ఒకప్పుడు ఆమె గదిలోకి వస్తుంటే అత్తరు వాసన ముందు వచ్చేది. ఇప్పుడు ఉల్లిపాయల వాసన వస్తోంది. చేతిలో వెంకటేశ్వరి పాస్‌పోర్టు ఉంది. ఎనిమిదేళ్ల కిందట విమానాశ్రయంలో తీసుకుని బీరువాలో పెట్టిన పాస్‌పోర్టు.

“తీసుకో, ఫెంకా.” వెంకటేశ్వరి అన్న పేరు మామా నోట ఏనాడూ తిరగలేదు. “బాబా ఉంటే ఆయనే ఇచ్చేవాడు.”

బాబా అంటే ఆ ఇంటి యజమాని. పోలీసు అధికారి. ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన రోజే యూనిఫాం కాల్చేసి, వంటగది పక్కన బియ్యం బస్తాల వెనక ఆరు వారాలు దాక్కున్నాడు. ఇరవై రోజుల కిందట సైనికులు వచ్చి పట్టుకుపోయారు.

“వాళ్లు ఇల్లు వెతకలేదు ఫెంకా. మేడ ఎక్కలేదు. పడకగది తలుపైనా తీయలేదు. తిన్నగా బస్తాల దగ్గరికి వెళ్లారు. ఎవరో చెప్పారు. ఎవరు చెప్పి ఉంటారు?”

ఈ ప్రశ్న మామా రోజుకు పదిసార్లు అడుగుతుంది. ఒకరోజు ఎదురింటి డ్రైవరంటుంది, ఒకరోజు పాలు పోసే ఈజిప్టువాడంటుంది. తినే అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట.

“నీ మొగుడికి ఈ ఊరి దోవలన్నీ తెలుసు. వెళ్తూ వెళ్తూ ఇంకొక్కసారి అడగమను. ఏ స్టేషన్లో ఉంచారో, ఏ బడిలో ఉంచారో. చోటు తెలిస్తే చాలు. ఎదురింటివాళ్లు రెండు కార్లిచ్చి కొడుకును విడిపించుకున్నారు. నేను ఈ ఇల్లే ఇస్తాను.”

అడుగుతూనే ఉన్నాడు మామా, ఎవరికీ తెలియదంట అని వెంకటేశ్వరి తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది. ఈ జవాబు కూడా రోజూ చెప్పేదే.

మామా దగ్గరికొచ్చి ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. అయిదేళ్ల కిందట గాజు పళ్లెం పగిలినప్పుడు చెయ్యి చేసుకున్నది కూడా ఆ బుగ్గ మీదే. వెంకటేశ్వరికి రెండూ గుర్తున్నాయి. రెండింటిలో దేన్ని ఊరికి తీసుకుపోవాలో ఆమెకు తెలియలేదు. గుడ్డ పిండి ఆరేసి, సంచి భుజానికి తగిలించుకుని బయటికి వచ్చింది.

*

హుస్సేన్ పీరాది రాయచోటి. పన్నెండేళ్లుగా కువైట్‌లో కూరగాయల పికప్ నడుపుతున్నాడు. ఊళ్లో సగం మంది పారిపోయినా, ఉన్న సగానికి ఉల్లిగడ్డలు కావాలి గనక సైనికులు అతన్ని తిరగనిస్తున్నారు.

“ఎక్కమ్మీ ఎక్కు. ముందు షువైఖ్‌కు పోయి మీవాని పాస్‌పోర్టు తెచ్చుకుందాం. మిమ్మల్ని కొరియావాళ్ల క్యాంపు కాడ దింపి, నేను సరుకు ఏసుకోని నాలుగున్నరకు వస్తా. ఆరు దాటితే రోడ్డు మీద మనిషి కనబడగూడదు. ఎరికే గదా?”

ముగ్గురూ ముందు సీట్లోనే ఇరుక్కుని కూర్చున్నారు. వెంకటేశ్వరి మధ్యలో.

దసరా వెళ్లి నాలుగు రోజులైంది. ఎండ పదును తగ్గింది. కిటికీలోంచి వచ్చే గాలి మొదటిసారి మొహం కాల్చకుండా తగిలింది. ఈ దేశంలో మనిషి ఆరుబయట నిలబడదగ్గ రోజులు ఇప్పుడే మొదలవుతాయి.

“పీరన్నా, సముద్రం పక్క దోవన పోతావా?” అంది వెంకటేశ్వరి ఉన్నట్టుండి.

“చుట్టు గదమ్మీ.”

“ఎనిమిదేండ్లున్నా. ఏం చూసినానన్నా? సల్వాలో వంటిల్లు చూసినా. పదైదు దినాలకొకసారి శుక్రవారం హవల్లీలో నీ రూము చూసినా. రేపు రెడ్డెమ్మ అడగతాది, అమ్మా కువైట్ ఎట్లుంటాది అని. ఏం చెప్పల?”

రెడ్డెమ్మ వాళ్ల కూతురు. రాజంపేటలో పెద్దమ్మ దగ్గర పెరుగుతోంది. తల్లి విమానం ఎక్కినప్పుడు దానికి ఏడాది. ఇప్పుడు తొమ్మిది. ఫోన్లో ‘అమ్మా’ అనేది గాని, ఎదుటివాళ్లు అనమంటే అన్నట్టుండేది.

“పోనీలే పీరన్నా, చూపిచ్చు,” అన్నాడు పెంచలయ్య. పొద్దుటి నుంచి అతను మెత్తగా మాట్లాడింది అదొక్కటే.

అలా పికప్ సముద్రం వైపు తిరిగింది.

చూడడానికొచ్చామే గాని చూడడానికి ఏముంది? కాలిబాట పొడవునా ఇసుక బస్తాలు. వాటి వెనక తవ్విన గుంతలు. ఇసుక మీద ముళ్లకంచె చుట్టలు చుట్టలుగా పడి ఉంది. చక్రాలు, సీట్లు, తలుపులు ఊడబీకిన కార్లు రోడ్డు పక్కన కోళ్లకు ఈకలు పీకి పడేసినట్టున్నాయి. వాటన్నిటి అవతల సముద్రం మాత్రం ఏమీ ఎరగనట్టు నీలంగా మెరుస్తోంది.

“అదో, అవే టవర్లు,” అన్నాడు పీరా.

వెంకటేశ్వరి మెడ సాచి చూసింది. ఈ టవర్ల బొమ్మ ఉన్న కార్డు ఒకటి చెల్లెలికి పంపింది గాని, అసలువి చూడడం ఇదే. సూదుల్లాంటి మూడు స్తంభాలు, గుచ్చినట్టు పెద్ద పెద్ద నీలం ఉండలు.

“ఆ ఉండల్లో ఏముంటాదన్నా?”

“నీళ్లు. ఒగదాంట్లో హోటలు గూడా ఉన్నింది. గిర్రున తిరుగుతా ఉన్నిందంట. ఇప్పుడు అదీ లేదు, ఇదీ లేదు.”

“తినేటప్పుడు తిరిగితే కక్కు రాదా?” అంది వెంకటేశ్వరి. పీరా పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వడంతో దవడ నొప్పెట్టింది. మొగుడు నవ్వాడా లేదా అని పక్కకు చూసింది.

పెంచలయ్య టవర్ల వైపు చూడడం లేదు. ముందు రోడ్డు మీద అడ్డంగా పెట్టిన పీపాలను చూస్తున్నాడు.

తనిఖీ దగ్గర నిలబడ్డ సైనికుడు వయసు మళ్లినవాడు. మీసం నెరిసింది. బూట్లకు లేసులు లేవు. బండిలోకి తొంగి చూసి, ఉల్లిగడ్డలున్నాయా అని అడిగాడు. పీరా నాలుగు గడ్డలిచ్చాడు. వాటిని జేబులో వేసుకుంటూ, “హిందీ?” అన్నాడు, ఇండియావాళ్లా అన్నట్టు. అవునన్నాడు పీరా. తనది బస్రా దగ్గర పల్లె అని, ఖర్జూరాలు కోతకొచ్చాయని, ఇంటికెప్పుడు పంపుతారో దేవుడికే తెలియాలని, ఎవరూ అడగకుండానే చెప్పి, “యల్లా, యల్లా” అని పొమ్మన్నట్టు చెయ్యూపాడు.

అంతే జరిగింది. కాని బండి కదిలాక వెంకటేశ్వరి చూసుకుంటే, కుడి మణికట్టు మీద రెండు గాజులు పగిలి నెత్తురు చిమ్మింది. పెంచలయ్య వేళ్లు ఆ చేతిని ఇంకా వదల్లేదు.

“ఏందియ్యా ఇది? ముసిలోడు. ఉల్లిగడ్డలడిగినాడు.”

పెంచలయ్య చెయ్యి వదిలి, కిటికీ వైపు తిరిగాడు. చొక్కా వీపంతా చెమటకు తడిసి ఉంది. బయట అంత ఉక్క లేదు.

పీరా ఏమీ చూడనట్టు బండి నడిపాడు. షువైఖ్ దగ్గరపడింది. రేవులోంచి లారీలు ఎదురొస్తున్నాయి. ఆసుపత్రి మంచాలు, ఏసీ మిషన్లు, బడిపిల్లల బెంచీలు నింపుకుని ఉత్తరాన ఇరాక్ వైపు పోతున్నాయి.

*

పెంచలయ్య ఆరేళ్లు పనిచేసింది షువైఖ్‌లో ఒక కొరియా కంపెనీవాళ్ల లేబర్ క్యాంపులో. వాళ్లు రోడ్లు వేసేవాళ్లు. రెండు వందల మంది కొరియావాళ్లు ఉండేవారు. వాళ్ల స్నానశాలలో బాయిలర్ మంట చూసుకోవడం, తొట్టి కడగడం పెంచలయ్య పని. ఆగస్టులో వాళ్లంతా ఎడారి దోవన జోర్డాన్ వెళ్లిపోయారు. తాళాలు పెంచలయ్య దగ్గర, వంటవాడు దొరబాబు దగ్గర మిగిలాయి. అప్పుడే పెంచలయ్య సల్వాలో భార్య పనిచేసే ఇంటికి వచ్చేశాడు.

శుక్రవారాలు హవల్లీలో కలిసినప్పుడు పెంచలయ్య చెప్పే కబుర్లన్నీ ఆ తొట్టి గురించే. “గదంత తొట్టి మే. గొంతు దాకా వేడినీళ్లు. ముప్పై మంది ఎనుముల మాదిరి కండ్లు మూసుకోని కూర్చుంటారు. ఒగని వీపు ఒగడు రుద్దుతాడు. ఆఫీసర్లేంది, కూలోల్లేంది, అందురూ ఒగటే తొట్టి.” మరి నువ్వెప్పుడన్నా దిగినావా అని ఆమె అడిగేది. “నేనా? కడిగేటోన్ని నేను,” అనేవాడు.

క్యాంపు గేటు తెరిచి దొరబాబు ఎదురొచ్చాడు. అమలాపురం దగ్గర మనిషి. లావుపాటి ఒళ్లు, మాటల పుట్ట.

“రండి చెల్లెమ్మా, రండి. మిమ్మల్ని మీ ఆయన మాటల్లో వందసార్లు చూసేనండి. కళ్లతో చూడ్డం ఇదే. ఆయ్.” తర్వాత పెంచలయ్య భుజం మీద చెయ్యి వేయబోయి, ఎందుకో వెనక్కి తీసుకున్నాడు. “వీపు మానిందాండీ? ఆ వేళ గేటు దగ్గర పడేసి పోతే మనిషి దక్కుతాడనుకోలేదండి నేను. పసుపు నూరి...”

“దొరబాబూ, డీజిల్ ఎంతుండాది?” అన్నాడు పెంచలయ్య గట్టిగా.

దొరబాబు వెంకటేశ్వరి మొహం చూశాడు. తను అనకూడనిదేదో అన్నానని తెలిసింది. “ఓ రెండు డబ్బాలుంటాదండి,” అని గొణిగి, పాస్‌పోర్టు తెస్తానని ఆఫీసు గదిలోకి జారుకున్నాడు.

వెంకటేశ్వరి అక్కడే నిలబడింది. ఏంది ఆయన అనేది అని అడగవచ్చు. కాని పెంచలయ్య అప్పటికే బాయిలర్ దగ్గర వంగి కూర్చున్నాడు. ఆ వంగడం చూసింది ఆమె. నడుము వంచకుండా, మోకాళ్ల మీద మెల్లగా దిగి కూర్చున్నాడు. ముసలివాళ్లు కూర్చున్నట్టు.

“మే, బస్సెక్కితే మళ్లా ఒంటి మీద నీళ్లు ఎప్పుడు పడతాయో. విమానం దొరికేదాకా ఎడారిలో డేరాల్లో పదైదు దినాలుండల్నంట. ఉన్న డీజిలంతా పోసి కాగబెడతా. ఈ పొద్దు నువ్వు తొట్టిలో దిగు.”

“పొగ చూసి వాళ్లు రారా?”

“వస్తే రానీ.” అని, తన మాటకు తనే ఉలిక్కిపడి, “రారులే. ఈ పక్క మంటలు దినాము ఉండేటివే,” అన్నాడు.

*

గోడలకు తెల్లటి పలకలు. వరసగా మోకాలెత్తులో కొళాయిలు, ప్రతి కొళాయి ముందు చిన్న ప్లాస్టిక్ పీట, ఒక గిన్నె. గది చివర తొట్టి. నిజంగానే గదంత ఉంది. ఆవిరిలో అవతలి గోడ కనపడడం లేదు.

పెంచలయ్య తలుపు బయట కాపలా కూర్చున్నాడు. లోపలి నుంచి ఆమె, బయటి నుంచి అతను మాట్లాడుకున్నారు.

“ముందు పీట మీద కూర్చోని ఒళ్లు రుద్దుకో. ఆనేక దిగల. మురికితో దిగితే కొరియావాళ్లు ఊరుకోరు.”

“కొరియావాళ్లు యాడుండారు?”

“లేకపోయినా అంతే. నీళ్లకు మర్యాద ఉండాది.”

గోడకు వేలాడుతున్న గరుకు గుడ్డ తీసుకుని ఆమె రుద్దుకుంది. చేతుల మీంచి మురికి నల్లటి పేలికల్లాగా రాలింది. ఇంత మురికి మోస్తున్నానా అనుకుంది. రెండు నెలల భయం, బియ్యం బస్తాల దుమ్ము, మామా కన్నీళ్లు అన్నీ కలిసి రాలుతున్నట్టుంది. తర్వాత తొట్టిలోకి దిగింది. మొదట చురుక్కుమంది. మెల్లగా గొంతు దాకా మునిగేసరికి, ఎనిమిదేళ్లుగా నిలబడే ఉన్న కాళ్లు ఒక్కసారిగా తనవి కాకుండా పోయాయి.

“ఎట్లుండాది?” అన్నాడు బయట నుంచి.

ఆమె వెంటనే చెప్పలేదు. కళ్లు మూసుకుంది. ఈ మనిషి ఆరేళ్లు ఇంత సుఖాన్ని పరాయివాళ్లకు కాచిపోసి, తను పక్కన పొగలో కూర్చున్నాడు. ఈ రెండు నెలలే తామిద్దరూ ఒక ఇంటి కప్పు కింద కాపురం ఉన్నది. అదీ ఇంకొకరి కప్పు. అందులోనూ ఈ ఇరవై రోజులు అతను గేటు దగ్గర డ్రైవరు గదిలో వేరే పడుకున్నాడు. జ్వరం, అంటుకుంటాది అన్నాడు. చొక్కా విప్పగా ఆమె చూడలేదు.

దొరబాబు మాట మళ్లీ చెవిలో మోగింది. వీపు మానిందాండీ?

ఆమె తొట్టిలోంచి లేచింది. ఒళ్లు తుడుచుకుని, చీర చుట్టుకుని తలుపు తీసింది.

“నువ్వు దిగు.”

“నాకొద్దు. టైమైతాంది.”

“వీపు రుద్దుతా. ఒగని వీపు ఒగడు రుద్దుతాడంటివి గదా.”

“వద్దన్నా గదా మే!”

“చొక్కా ఇప్పు.”

పెంచలయ్య ఆమె మొహం చూశాడు. ఇంక దాచే ఓపిక కూడా అతనికి లేనట్టుంది. లోపలికొచ్చి గుండీలు ఒకటొకటే విప్పి, వెనక్కి తిరిగాడు.

వెంకటేశ్వరి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మెడ కింద నుంచి నడుము దాకా, దున్నిన చేను చాళ్లలాగా ఉంది వీపు. కొన్ని మాని నల్లబడ్డాయి. కొన్ని ఇంకా ఎర్రగా తెరుచుకునే ఉన్నాయి.

చేతిలోని గరుకు గుడ్డ కింద పడేసింది. కొంగు వేడినీళ్లలో ముంచి, పిండి, గాయం మీద అద్దింది. అతను బిగపట్టుకుని నిలబడ్డాడు.

“ఎవురు కొట్టినారు?”

“ఎవురైతే ఏమి.”

“దోవలు మూసినారు, మూడు దినాలు క్యాంపులో ఉండిపోయినా అని చెప్పితివి.”

“దోవలు మూసింది నిజమే.”

“మిగతాది?”

పెంచలయ్య పీట మీద కూర్చున్నాడు. ఆమెకు వీపు చూపిస్తూనే, గోడతో చెప్పినట్టు చెప్పాడు.

“బాబా మందుల చీటీ ఇచ్చినాడు. హవల్లీలో దొరికితే తెమ్మన్నాడు. తెస్తా ఉంటే జాబ్రియా కాడ పట్టుకున్నారు. చీటీ మీద పేరుండాది. ఈయన యాడుండాడు అన్నారు. ఊరిడిసి పోయినాడన్నా. పోయినోనికి మందులెందుకన్నారు. ఆడనే ఒక బడి ఉండాది. పిల్లోల్ల గదులు. దాంట్లో పెట్టినారు.”

“ఆనేక?”

“మొదటి దినం చెప్పలే. రెండో దినం చెప్పలే.”

కొళాయి ఒకటి సరిగా కట్టినట్టు లేదు. చుక్కలు గిన్నెలో పడుతున్నాయి. వెంకటేశ్వరి చెయ్యి అతని వీపు మీద ఆగిపోయింది.

“మూడో దినం, ఆ ఇంట్లో నీ పెండ్లాం పని చేస్తాది గదా, దాన్ని తెస్తాం అన్నారు. చెప్పేసినా. బియ్యం బస్తాల ఎనక అని గూడా చెప్పినా.”

ఆమె చేతిలోని కొంగు జారింది. ఎదురింటి డ్రైవరు, పాలు పోసే ఈజిప్టువాడు, వాళ్లందరి మొహాలూ ఆమె కళ్ల ముందు తిరిగాయి. మామాతో కలిసి వాళ్లను తను కూడా తిట్టింది.

“నా కోసరం చెప్పినానని అనొద్దు,” అంది చివరికి. “ఆ మూట తెచ్చి నా నెత్తిన పెట్టొద్దు.”

“పెట్టలే. జరిగింది చెప్పినా.”

“బతికుండాడా ఆయన?”

“నన్ను ఇడిసిపెట్టే పొద్దు ఆ బడికే తెచ్చినారు. వరండాలో గోడకు ఆనించి కూర్చోబెట్టినారు. నన్ను చూసినాడు.” పెంచలయ్య ముందున్న గిన్నెను పక్కకు నెట్టాడు. “ ‘మందులు దొరికినాయా పెంచల్’ అని అడిగినాడు మే. ఆయనకు తెలీదు. నన్ను అడిగినాడు, మందులు దొరికినాయా అని.”

ఏడుస్తున్నాడు. భుజాలు కదిలినప్పుడల్లా ఎర్రటి గాయాలు నోళ్లు తెరుస్తున్నాయి. మామూలుగా అయితే ఆమె ఆ తలను దగ్గరికి తీసుకునేది. ఇప్పుడు చెయ్యి లేవలేదు.

“ఇరవై దినాలు,” అంది. “చోటు తెలిసీ ఇరవై దినాలు నోరు మూసుకున్నావు. ఆ యమ్మ చోటు తెలిస్తే చాలు చాలు అని దినాము నా కాళ్ల ఎంట తిరగతా ఉంటే, తెలీదంట, తెలీదంట అని నా నోటితో నువ్వు చెప్పించినావు.”

“చెప్తే, నీకెట్ల తెలుసు అంటాది.”

“అనాల్సిందే గదా.”

బయట పీరా హారన్ మోగింది.

*

నాలుగో రింగు రోడ్డు మీద పికప్ హవల్లీ వైపు పోతోంది. దొరబాబు దోవలో తినమని కట్టిచ్చిన పులిహోర పొట్లం పీరా ముందు పెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు. భార్యాభర్తల మధ్య ఏదో జరిగిందని అతనికి అర్థమైంది. ఏమిటని అడగలేదు. బస్సు గురించి, దోవలో నీళ్లు ఎక్కడ దొరుకుతాయన్న దాని గురించి తనలో తనే మాట్లాడుకుంటూ నడిపాడు.

తలస్నానం చేసిన జుట్టు వెంకటేశ్వరి వీపు మీద ఇంకా తడిగా ఉంది. ఒళ్లు తేలికగా ఉంది. ఆ తేలికదనం ఆమెకు తప్పు చేసినట్టుగా ఉంది.

రెడ్డెమ్మ గుర్తొచ్చింది. ఇంకో పదైదు రోజుల్లో చూడొచ్చు. పెద్దదై ఉంటుంది. తలుపు చాటున నిలబడి, ఎవరో అన్నట్టు చూస్తుంది. ఆ చూపు కరిగేదాకా ఎదురుగా కూర్చోవాలని ఎన్ని రాత్రులు అనుకుందో. రేపు బస్సు ఎక్కితే చాలు. నోరు మూసుకుంటే చాలు. మొగుడు ఇరవై రోజులు మూసుకున్నాడు. తను ఒక్క రాత్రి మూసుకోలేదా?

చౌరస్తా వచ్చింది. ఎడమకు హవల్లీ. కుడికి జాబ్రియా, అది దాటి పోతే సల్వా.

“పీరన్నా, ఆపు.”

పీరా ఆపాడు.

“నేను సల్వాకు పోవల. మామాతో ఒగ మాట చెప్పల్సింది ఉండాది.”

“ఏందమ్మీ, పిచ్చా? అయిదు కొట్టింది. ఆరు దాటితే కాల్చేస్తారు. రేపు పొద్దున్నే నువ్వు ఆడ లేకుంటే నీ సీట్లో ఎవురో ఒగరు ఎక్కుతారు. దీని ఎనక ఇంకో బస్సు ఉందో లేదో ఎవురికీ తెలీదు.”

“తెలుసన్నా.” ఆమె మొగుడి మీదుగా చెయ్యి చాచి తలుపు తీసింది. అతను పక్కకు ఒదిగాడు. దిగి, సంచి భుజానికి వేసుకుంది. “నువ్వు పో,” అంది అతనితో. “బిడ్డ కాడికి ఒగరన్నా పోవల.”

పెంచలయ్య ముందుకు చూస్తూ కూర్చున్నాడు.

వెంకటేశ్వరి రోడ్డు దాటింది. ఖాళీ వీధి. రెండు పక్కలా మూసిన ఇళ్లు. తోటల్లో నీళ్లు లేక ఎండిన చెట్లు. యాభై అడుగులు వేసిందో లేదో, వెనక పికప్ కదిలిన చప్పుడైంది. పోనీ అనుకుంది. పోయి బతకనీ. కాని ఆ చప్పుడు దూరమయ్యే కొద్దీ ఆమె నడక నెమ్మదించింది.

“మే. ఆగు.”

ఆమె ఆగింది. వెనక్కి తిరగలేదు. పెంచలయ్య ఆయాసపడుతూ దగ్గరికొచ్చాడు.

“పోయి ఏం చెప్తావు? ఇరవై దినాల కింద ఆడుండె అని చెప్తావా? ఇప్పుడు ఉండాడో, యాడికన్నా తీసుకుపోయినారో, అసలుకే లేడో నీకు తెలుసునా?”

“తెలీదు.”

“ఉండాడని చెప్పి, ఆ యమ్మ ఇల్లు రాసిచ్చేకి పోయి, ఆడ మనిషి లేకపోతే?”

అది ఆమెకు తట్టలేదు.

“బడి ఈ వీధి చివరనే,” అన్నాడు. “ముందు అడుగుదాం. మనిషి ఉన్నాడని తెలిస్తే అప్పుడు సల్వాకు పోదాం. ఆ యమ్మకు నేనే చెప్తా. నా నోటితోనే.”

“వాళ్లు నిన్ను గుర్తుపడతారు.”

“పడతారు.”

అతను రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు. చీకటి పడడానికి ఇంక ముప్పావు గంట ఉందేమో. వద్దు, హవల్లీకి పోదాం పా అని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అనలేదు. అతను ముందు నడిచాడు. ఆమె రెండడుగులు వెనకగా నడిచింది.

వీధి చివర మలుపు తిరగగానే బడి కనిపించింది. పిల్లలు వేసిన చేపల బొమ్మలు గోడ మీద ఇంకా ఉన్నాయి. గేటు ముందు చెక్క పెట్టె మీద కూర్చున్న సైనికుడు వాళ్లను చూసి లేచి నిలబడ్డాడు. భుజం మీది తుపాకీ చేతిలోకి తీసుకుని, ఆగమని అరిచాడు.

వెంకటేశ్వరి ఆగిపోయింది.

పెంచలయ్య రెండు చేతులూ పైకెత్తాడు. కాని ఆగలేదు. నడుస్తూనే ఉన్నాడు.